మెలిక లేని రెక్కలు

మొయినాబాద్ దాటి చేవెళ్లకు పోయే దారిలో ఒక రేకుల షెడ్డులో ఎగ్జాస్ట్ ఫ్యాన్లు తయారుచేసేవారు. నేను అక్కడ ఆరేళ్లు పనిచేశాను. రెక్కలకు మెలిక తిప్పడం నా పని. కోసిన రేకును అచ్చులో పెట్టి ప్రెస్సు కింద నొక్కితే, మొదలు దగ్గర బాగా వాలు తీసుకుని, కొసకు వచ్చేసరికి దాదాపు చదునుగా పడుకునేది. ఎందుకలా అని అడిగితే పాత మేస్త్రీ చెప్పాడు.

"రెక్క కొస ఉరుకుతది బిడ్డా, మొదలు నడుస్తది. నడిచే తానకు వాలు ఎక్కువియ్యాలె. లేకుంటే గాలి కొసకాడ బయటికి పోతది, నడుమల నుంచి మర్ల లోపటికొస్తది."

గండిపేట చుట్టూ సాఫ్ట్‌వేర్ వాళ్ల ఇళ్లు లేస్తున్న రోజులవి. వాళ్ల పెళ్లిళ్ల కోసం మా రోడ్డు పొడుగునా ఫంక్షన్ హాళ్లు వచ్చాయి. ఆర్డర్లు మీద పడ్డాయి. సరిగ్గా అప్పుడే అచ్చు పగిలింది. కొత్తది వచ్చేదాకా ఆగుదామన్న మేస్త్రీని పనిలోంచి తీసేసి, షెడ్డు యజమాని సేటు చదును రేకులనే ఏటవాలుగా బోల్టులతో బిగించి పంపసాగాడు.

"గాలి మర్లొస్తది సేట్," అన్నాను.

"తిరుగుతున్నదా లేదా? సప్పుడొస్తున్నదా లేదా? ఇంకేం గావాలె వాళ్లకు?"

ఆ వాళ్లలో మా చిన్నమ్మ ఒకతి. ఆ ఫ్యాన్లు మూడు బిగించిన ఒక హాలు వంటింట్లో ఆమె పూరీలు కాల్చేది. సాయంత్రం ఇంటికి వస్తే కళ్లు చింతనిప్పులు. మాట కంటే ముందు దగ్గు వచ్చేది.

ఒక ఆదివారం వెళ్లి చూశాను. ఒక పుల్లకు దారం కట్టి ఫ్యాన్ ముందు పట్టుకున్నాను. అంచు దగ్గర దారం బయటికి లాగింది. నడుమకు జరపగానే నా ముఖం మీదికి ఎగిరింది. దాంతోపాటే పొగా. హాలు మేనేజర్‌ను పిలిచి చూపించాను.

"ఫ్యాన్లు కొత్తయే. పని చాతగాక పొగ మీద పెడ్తున్నరు ఈ ఆడోళ్లు," అన్నాడు, గుమ్మం దాటి లోపలికి రాకుండానే.

ఒళ్లు మండిపోయింది. రోజూ అన్నం వేళ సగం తినేసి, షెడ్డులోని చదును రెక్కలను ఒక్కొక్కటిగా బెంచీకి బిగించి, పైపు పానాతో మెలిక తిప్పాను. ఆరు రెక్కలకు నాలుగు రోజులు పట్టింది. పెళ్లి లేని రోజు చూసి హాలు ఎలక్ట్రీషియన్ ఒక ఫ్యానుకు వాటిని బిగించాడు. ఈసారి దారం నడుమ కూడా బయటికే లాగింది.

"ఇగో, ఇప్పుడు పోతున్నది బిడ్డా," అంది చిన్నమ్మ.

మేనేజర్ చెప్పినట్టున్నాడు, మర్నాడు సేటు నన్ను షెడ్డు గేటు దగ్గరే ఆపాడు. "నన్నడగకుంట గిరాకీ దగ్గరికి పోతవా? నా పేరు ఖరాబ్ జేస్తవా?"

"ఖరాబ్ రెక్కలు పంపింది మీరు. నేను బాగు చేసిన."

"రేపటి సంది రాకు."

మిగతా రెండు ఫ్యాన్లు అట్లాగే ఉన్నాయి. నెల తిరక్కముందే ఒక పెద్ద పెళ్లిలో పొగ భోజనాల హాల్లోకి దూరింది. పట్టుచీరల వాళ్లు ముక్కులు మూసుకుని లేచారు. పెళ్లివారు మేనేజర్‌ను, మేనేజర్ సేటును తిట్టారు. అన్ని నెలలు దొరకని అచ్చు మూడు రోజుల్లో దొరికింది! వంటింట్లో ఆరుగురు ఆడవాళ్లు దగ్గినంత కాలం అది ఎవరికీ పొగ కాదు.

సేటు కబురు పెట్టాడు, పనికి రమ్మని. "ముందు ఆ వంటింట్లకు పోయి తప్పయిందని చెప్పుమను," అన్నాను వచ్చినవాడితో. సేటు వెళ్లలేదు. నేనూ వెళ్లలేదు. చేవెళ్లలో ట్రాక్టరు ట్రాలీలు చేసే షెడ్డులో చేరాను.

చిన్నమ్మ దగ్గు వానాకాలం దాటినా తగ్గలేదు. దవాఖానకు తీసుకుపోతే, ఏం పని చేస్తావని డాక్టరు అడిగాడు.

"పూరీలు కాలుస్త సార్," అంది తల దించుకుని, అదేదో తాను చేసిన తప్పయినట్టు.