మిరపచేలో గవ్వలు

నెల్లూరు వెళ్తూ సింగరాయకొండ దగ్గర కారు ఆపాను. రోడ్డు పక్క మిరపచేలో కోటయ్య గారనే రైతు బోరు వేయిస్తున్నారు. మట్టితో పాటు గవ్వలు పైకొచ్చాయి. కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పేవాణ్ణి, సంబరం ఆగలేదు.

"ఒకప్పుడు భూమి వేడెక్కి, మంచు కరిగి, సముద్రం ఇక్కడిదాకా వచ్చిందండీ. ఈ గవ్వలే సాక్ష్యం," అన్నాను.

నీళ్లు పడగానే ఆయన కొబ్బరికాయ కొట్టి, పసుపు చల్లి, తొలి చెంబు నాకందించారు. కొత్త నీళ్లు ముందు పైఊరివాళ్లు తాగాలట, వాళ్లింటి ఆనవాయితీ. ఒక గుక్క మింగాను. ఉప్పు కషాయం. తలలు వాల్చిన మిరప మొక్కల వైపు చూడలేకపోయాను.

"గవ్వలెందుకండీ, మీ మొహమే చెబుతోందిగా," అన్నారాయన. చెంబు వెనక్కి తీసుకుంటూ అడిగారు: "భూమి మళ్లీ వేడెక్కుతోందంటున్నారు టీవీలో. ఈసారి సముద్రం ఎక్కడిదాకా వస్తుందండీ?"