వాచీకి తలుపు పెట్టిన గంగారాం అన్న

నిన్న పొద్దున నేను లీవులో ఉన్నాను. బట్టలు ఆరేస్తుంటే మా క్లినిక్ సిస్టర్ ఫోన్ చేసింది.

"పక్క షాపులో గంగారాం అన్న పడిపోయాడు."

అంబులెన్స్ వచ్చిందా అని అడిగాను.

వచ్చింది, కానీ ఇక లేడు అంది.

చేతిలో తడి చున్నీతో అలాగే నిలబడిపోయాను. మొన్న సాయంత్రం కూడా కలిసి చాయ్ తాగాం.

తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను.

ఒమాన్‌లోని అల్ అమెరాత్‌లో మా క్లినిక్ పక్కనే వాచీల షాపు ఉంది. అక్కడ రిపేర్లు చేసే మనిషి గంగారాం అన్న. ఊరు జగిత్యాల దగ్గర. మొదట బిల్డింగ్ సైట్‌లో పనికి వచ్చాడు. నడుం దెబ్బతిన్నాక, ఎప్పుడో నేర్చుకున్న వాచీ పనిలోకి మారాడు. నాది కాకినాడ. నా మాటకి ఆయన నవ్వేవాడు, ఆయన మాటకి నేను నవ్వేదాన్ని. ఈ దేశంలో నాకున్న అన్న ఆయనొక్కడే.

ఆయన గురించి ఒక్క సంగతి చెప్పాలి.

రెండేళ్ల క్రితం ఒక జపాన్ కంపెనీ ఒమాన్ కోసమని లిమిటెడ్ ఎడిషన్ వాచీ తెచ్చింది. ఇక్కడి మగవాళ్లు పెళ్లిళ్లకీ పండగలకీ నడుముకి కట్టుకునే వంపు కత్తి ఉంటుంది కదా, ఖంజర్. దాని ఒర మీద వెండి తీగతో చేసే అల్లిక పనిని ఆ వాచీ డయల్ మీద దించారు. చేసినవి కొన్ని పీసులే.

ఖురియాత్ అనే ఊరి నుంచి సలీం అనే ఆయన ఒకటి కొని వాళ్ల నాన్నగారికి ఇచ్చాడు. ఆ పెద్దాయన ఒకప్పుడు ఆ ఒరలు చేసిన కంసాలి. ఇప్పుడు చూపు లేదు.

నెల తిరక్కుండానే సలీం వాచీ పట్టుకొచ్చాడు. గాజు ఊడిపోయింది, ముళ్లు వంగిపోయాయి. డిజైన్‌ని వేలితో చూడాలని పెద్దాయనే పాత పనిముట్టుతో గాజు లేపేశారట.

"గాజు బిగించి ఇవ్వండి. ఇక ఆయన చేతికివ్వను, దాచేస్తాను" అన్నాడు సలీం, హిందీలో.

ఆ రోజు అన్న చాయ్ ముట్టుకోలేదు.

"ఆయన వాచీ ఖరాబ్ చేసిండు అంటున్నరు చెల్లె. ఆయన చూసిండు, గంతే" అన్నాడు నాతో.

మర్నాడు సలీంకి ఫోన్ చేశాడు. చూపు లేనివాళ్ల వాచీలకి గాజు తలుపులా తెరుచుకుంటుంది, దీనికీ చిన్న బందు పెట్టి అలాగే చేస్తానన్నాడు.

మేనేజర్ వద్దన్నాడు. లిమిటెడ్ ఎడిషన్‌ని కోస్తే ఇక దానికి విలువుండదు, కస్టమర్ గొడవపెడితే నీ ఉద్యోగం పోతుంది అన్నాడు. సలీం కూడా తటపటాయించాడు. తెరిచి మూస్తుంటే దుమ్ము చేరి ఆగిపోదా అని అడిగాడు.

దానికి తనేం చెప్పాడో అన్నే తర్వాత నాకు చెప్పాడు.

"ఆగితే మల్ల నేను చేస్త అని చెప్పిన. ఆయన కండ్లు నేను చెయ్యలేను గద."

అది విని సలీం చేయమన్నాడట.

మూడు వారాలు పట్టింది. వేలు తగిలినా వంగకుండా కాస్త గట్టి ముళ్లు వేశాడు.

ఒక శుక్రవారం పొద్దున మా ఆయన కారులో ముగ్గురం ఖురియాత్ వెళ్లాం. పెద్దాయన వేలు పట్టుకుని గాజు ఎలా తెరవాలో అన్నే చూపించాడు.

పెద్దాయన మొదట టైమ్ చూడలేదు.

డయల్ అంచు వెంట మెల్లగా వేలు నడిపారు. అరబిక్‌లో ఏదో అన్నారు. సలీం మాకు చెప్పాడు.

"ఇది మెషిన్ పనే. కానీ దీన్ని గీసినవాడు మా పనిని శ్రద్ధగా చూశాడు అంటున్నారు."

తర్వాత ముళ్లు తడిమి, పదీ ఇరవై అన్నారు. అందరం ఫోన్లు చూసుకున్నాం. పదీ ఇరవయ్యే.

అప్పటిదాకా నమాజుకి ఎంత టైముందో రోజంతా ఎవరో ఒకరిని అడుగుతూ ఉండేవారట. సలీం లేచి బయటికి వెళ్లిపోయాడు. తిరిగి వచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

ఆ తర్వాత రెండు నెలలకోసారి అన్న వెళ్లి దుమ్ము తుడిచి వచ్చేవాడు. వాళ్లిచ్చిన ఖర్జూరాల్లో సగం నాకు తెచ్చేవాడు.

నిన్న సాయంత్రం సలీం వాళ్ల నాన్నగారిని వెంటబెట్టుకుని, అన్నని ఉంచిన ఆస్పత్రికి వచ్చాడు. ఇంటికి వెళ్దామన్నా పెద్దాయన బెంచీ మీంచి లేవలేదు. పేపర్ల పనంతా సలీమే చూస్తున్నాడు. రేపటి ఫ్లైట్‌కి అన్న ఊరికి వెళ్తాడు.

ఊళ్లో ఉన్న అన్న భార్య లక్ష్మి వదినకి నేనే ఫోన్ చేశాను. ఎలా జరిగిందని అడగలేదు.

"ఆఖరికి ఒక్కడే ఉన్నడా?" అంది.

లేదు వదినా, మా సిస్టర్ పరిగెత్తుకెళ్లింది, చివరిదాకా చెయ్యి పట్టుకునే ఉంది అని చెప్పాను. నిజంగానే ఉంది.

"గంతే చాలు" అంది వదిన.

ఇంటికి జాగ్రత్తగా చేరు, అన్నా.

నీ వాళ్ల మధ్య నెమ్మదిగా, శాంతిగా ఉండు.