పైకి పోయినాయన మీద జగడం

నాకు కుళ్ళు ఎక్కువ. పక్క ఆకులో పాయసం చూస్తూ నా ఆకులోది చల్లారబెట్టుకుంటానని మా అమ్మ నా చిన్నప్పుడే చెప్పింది. అయితే నేను జీవితంలో గట్టిగా కుళ్ళుకున్నది చీరలు చూసి కాదు, నగలు చూసి కాదు. ఇద్దరు ఆడవాళ్ళు దేవుడి విషయంలో జగడమాడుకుంటుంటే చూసి.

మాది రాబర్ట్‌సన్‌పేట బజారులో గుడ్డలంగడి. నేను కోడలిగా వచ్చేటప్పటికే ఆ ఊరి బంగారు గనులు సర్కారు చేతికి వచ్చేశాయి. అంగడి వెనక వసారాలో మధ్యాహ్నం పూట రవికలు, లంగాలు కుట్టించేవాళ్ళం. మిషను తొక్కే ఆమె ముస్లిం, నంగలి నుంచి ఇక్కడికి కాపురానికి వచ్చింది. హుక్కులు, కాజాలు, చేతికుట్లు చూసే ఆమె కిరస్తానీ, మొగుడికి గని లోపల పని. వసారాలో నా పని గుడ్డ అందివ్వడం, కుట్టినది మడతపెట్టడం.

ఆ కిరస్తానీ ఆమె నా చిన్ననాటి స్నేహితురాలు. ఇద్దరిదీ క్యాసంబళ్ళి. ఒకే బడి, ఒకే బెంచి, ఒకే మామిడికాయకు రెండు పక్కలా పళ్ళగాట్లు. "ఏమే" అంటే "ఏమే" అనుకుంటూ పెరిగినవాళ్ళం. నేను అంగడివాళ్ళ కోడలినై, ఆమె మా దగ్గరికే కుట్టుపనికి వచ్చిన రోజు నుంచి నన్ను "అమ్మా" అనడం మొదలుపెట్టింది. అట్లా పిలవద్దే అంటే, "మీ అత్త వింటే బాగుండదమ్మా" అంది. మా అత్త చెవులు నిజంగానే పాము చెవులు. నేనూ ఊరుకున్నాను. ఊరుకున్నానే గానీ, ఆ "అమ్మా" విన్నప్పుడల్లా లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకునేది.

నంగలి ఆమె వచ్చిన వారానికే నా స్నేహితురాలిని "అక్కా" అంది. నన్ను మాత్రం "అమ్మా" అనే అంది. అక్కడే నాకు మొదటి మంట.

అసలు జగడం ఆరోహణ పండగ నాడు మొదలైంది. గుడికి పోవాలి, పొద్దున రాలేనని స్నేహితురాలు ముందే చెప్పింది. మధ్యాహ్నం వచ్చి కూర్చుంటే, మిషను దగ్గరి ఆమె ఏం పండగక్కా అని అడిగింది.

"యేసయ్య పైకి పోయిన దినం. సిలువ మీద చచ్చిపోయి, మూడో దినం లేచినాడు. ఇంగ నలభై దినాలు శిష్యులకు కనపడతా ఉండి, నలభయ్యో దినం కొండ మీద నుంచి మబ్బు మోడంలో పైకి పోయినాడు."

"పైకి పోయింది నిజమే అక్కా. చచ్చిపోయింది మాత్రం లేదు," అంది ఈమె దారం ఎక్కిస్తూ. "మీ యేసయ్యను, మా ఈసా నబీని వాళ్ళు సిలువకు ఎక్కించనే లేదు. ఎక్కించినామని అనుకున్నారు, అంతే. అల్లా ఆయన్ని ప్రాణంతోనే తన దగ్గరికి ఎత్తుకున్నాడు."

"సావకుండా లేచేదెట్లా? లోపలికి దిగనోడు పైకెట్ల వస్తాడు?"

గనిలోకి మనుషుల్ని దించి ఎక్కించే ఇనప పెట్టెను కేజ్ అంటారు. ఆ ఊళ్ళో ఎక్కడం, దిగడం అంటే ఎవరికైనా ముందు గుర్తుకొచ్చేది అదే.

"నువ్వు కేజ్ లెక్క చెప్తా ఉండావు. ఎత్తుకునేవాడు అల్లా అయితే కేజ్ ఎందుకక్కా?" అంది నంగలి ఆమె.

ఇద్దరూ నవ్వారు. మరునాడు మళ్ళీ ఎత్తుకున్నారు, ఆ మరునాడూ అంతే, అట్లా ఏళ్ళ తరబడి. మిషను కింద నుంచి రవిక ఆమె చేతికి, హుక్కులు పడ్డాక మళ్ళీ ఈమె చేతికి పోయేది, దాంతోపాటు మాటా చేతులు మారేది. ఆయన తిరిగి వస్తాడన్నది మాత్రం ఇద్దరికీ ఒప్పుదల. వచ్చాక ఏం చేస్తాడన్న దగ్గర మళ్ళీ పేచీ. వచ్చి, కొన్నేళ్ళు బతికి, అందరి మాదిరే చనిపోయి మట్టిలోకి పోతాడని ఈమె. అదొకసారి అయిపోయిందే, ఇంగ తీర్పు చెప్పడానికే వస్తాడని ఆమె. ఒక్కరూ తగ్గరు. ఒక్కరికీ కోపం రాదు.

పాలివాళ్ళతోనే జగడం, పరాయివాళ్ళకు నమస్కారం. వాళ్ళిద్దరికీ పంచుకోవడానికి ఒకాయన ఉన్నాడు. నాకు నమస్కారమే మిగిలింది.

నేనూ ఊరికే కూర్చోలేదు. ఒక రోజు మా కథ ఎత్తాను. ఒక రాజు ఒంటితోనే స్వర్గానికి నడిచిపోయాడని, దారిలో తమ్ముళ్ళందరూ పడిపోయినా వెంట వచ్చిన కుక్కను వదల్లేదని, కుక్క లేకపోతే నాకు స్వర్గమే వద్దన్నాడని హరికథ చెప్పేవాడి మాదిరి చేతులు తిప్పుతూ చెప్పాను. ఇద్దరూ పని ఆపి విన్నారు.

"బాగుండాదమ్మా," అంది ఒకామె.

"కుక్కను కూడా వదల్లేదంటే మంచోడేనమ్మా," అంది రెండో ఆమె.

అంతే. మళ్ళీ వాళ్ళ కొండ, వాళ్ళ మోడం. అట్లా కాదమ్మా అని ఒక్కరైనా అనలేదు. నా రాజుతో ఎవరికీ తగాదా లేదు. ఆ రాత్రి కూర మాడ్చి మా ఆయన మీద అరిచాను.

మేరాజ్ పండగ మరునాడు నంగలి ఆమె రాత్రంతా నమాజులో మేలుకొని ఎర్రటి కళ్ళతో వచ్చింది. తమ ప్రవక్తగారిది ఇంకో ఆరోహణ అని, గాడిద కంటే పెద్దదీ కంచరగాడిద కంటే చిన్నదీ అయిన బురాఖ్ ఎక్కి జెరూసలేము పోయి, అక్కడి నుంచి ఏడు ఆకాశాలూ ఎక్కాడని చెప్పింది. రెండో ఆకాశంలో ఈసా నబీ కనపడి సలాం చెప్పాడట.

"ఇంగ అదే రాత్రి తిరుక్కొని వచ్చేసినాడక్కా. వచ్చి చూస్తే, పోయేటప్పుడు కదిలిన తలుపు గొళ్ళెం ఇంగా ఊగతానే ఉండిందని మా పెద్దోళ్ళు చెప్తారు."

స్నేహితురాలి సూది ఆగిపోయింది. "ఇంటికి వచ్చేసినాడా?"

"ఇంటికే."

"అది మేలు," అంది స్నేహితురాలు. "పోయినోడు ఇంటికి వచ్చేది, అది మేలు."

ఆమె మొగుడు ఆ వారం మధ్యాహ్నం షిఫ్టు. అది నాకూ తెలుసు. కానీ నేను చెయ్యి చాపేలోపు నంగలి ఆమె మిషను మీదుగా వంగి ఆమె చెయ్యి పట్టుకుంది. మడతపెట్టిన లంగాలనే నేను మళ్ళీ విప్పి మడతపెట్టాను.

గని లోపల బండ పగిలితే పైన ఇళ్ళల్లో గిన్నెలు గలగలమంటాయి. ఒక మధ్యాహ్నం మా వంటింటి అలమరలో గిన్నెలు అట్లా మోగాయి. నా స్నేహితురాలు ఒళ్ళోని రవిక కింద పడేసి పరుగెత్తింది. వెనకే మేమిద్దరం.

కేజ్ దిగే షాఫ్టు దగ్గర ఆడవాళ్ళు గుంపులుగా నిలబడి ఉన్నారు. ఎవరూ ఏడవరు. ఏడిస్తే అపశకునం. నంగలి ఆమె ఒక పక్క, నేను ఒక పక్క నిలబడ్డాం. నేను ఆమె ఎడమ చెయ్యి పట్టుకున్నాను. అది నా చేతిలో ఉన్నట్టు ఆమెకు తెలియనే లేదు. ఆమె ముఖం నంగలి ఆమె వైపే తిరిగి ఉంది.

"నీ మాటే నిజం కానీవే," అంది ఆమెతో. "సావకుండానే పైకి ఎత్తుకోనీ. ఇంగ నీతో వాదించను."

"ఇన్షా అల్లా అక్కా."

చాలాసేపటికి కేజ్ పైకి వచ్చింది. ఆమె మొగుణ్ణి దుప్పటి కప్పి తెచ్చారు. స్నేహితురాలు నేల మీద కూలబడింది. నంగలి ఆమె పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని చెవిలో చెప్పింది. నాకూ వినపడింది.

"అక్కా, నీ మాట పట్టుకో. చచ్చిపోయినోడు లేస్తాడని నువ్వే గదా చెప్పినావు. పట్టుకో. నేను కాదనను."

చావు దగ్గర కూడా కుళ్ళా అంటే, అవును. ఆ మాట నా నోటి నుంచి రాలేదే అని అక్కడే, ఆ దుమ్ములోనే కుళ్ళుకున్నాను.

పదకొండో రోజున బియ్యం, పప్పు, కూరగాయలు, ఒక తెల్లచీర తీసుకుని గని కూలీల లైనులో ఉన్న ఆమె ఇంటికి పోయాను. ఆమె కొంచెం వింతగా చూసి, అన్నీ తీసుకుని లోపల పెట్టింది. చాలాసేపు పక్కన కూర్చుని వచ్చాను. మావాళ్ళ లెక్కలో కర్మ అయిపోతే ముఖ్యమైనదంతా అయిపోయినట్టే. చేయాల్సింది చేశాననుకున్నాను.

తర్వాత ఒక రోజు మిషను ఆమె రాలేదు. జ్వరమేమో అనుకున్నాను. మరునాడు ఇద్దరూ కలిసే వచ్చారు. స్నేహితురాలు మళ్ళీ పనికి రావడం అదే మొదలు. నంగలి ఆమె పోయి మిషను దగ్గర కూర్చుంది. స్నేహితురాలు కూర్చోలేదు. నా ముందుకు వచ్చి నిలబడింది.

"ఏమే, నిన్న యాడికి పోయినావే నువ్వు?"

నాకు అర్థం కాలేదు. "నిన్న ఏముండాది?"

"నలభయ్యో దినం. పాదిరి వచ్చినాడు, లైనంతా వచ్చింది, ఈమె వచ్చింది. వాళ్ళలోనూ నలభయ్యో దినం ఉండాదంట, ఎవురూ చెప్పకుండానే వచ్చింది. మా ఊరి నుంచి నాకుండేది నువ్వొక్కదానివి. వాకిలి దిక్కే చూస్తా కూచున్నాను."

"పదకొండో దినం వచ్చినాను గదే."

"పదకొండో దినం ఎవురు పిలిచినారు నిన్ను? మీ లెక్క మీ ఇంట్లో పెట్టుకో."

"చెప్తే గదా తెలిసేది? నీ నలభై నాకెట్ల తెలస్తాది?"

"ఇన్నేండ్లు ఈడనే కూచోని ఏం విన్నావే? నలభై దినాలు, నలభై దినాలని నా నోరు నొచ్చేదాకా చెప్పినాను."

నిజమే. ప్రతి మాటా విన్నాను. ఎవరి వైపు తిరిగి చెబుతోందన్నదే చూశాను కానీ ఏం చెబుతోందో పట్టించుకోలేదు. అట్లాగని నేనేమీ తగ్గలేదు. ఒక మాట చెప్పి పంపితే నీ సొమ్మేం పోయేదే అని నేనూ అరిచాను. ఆమె ఇంకో మాట అంది. నేను ఇంకోటి అన్నాను. ఇద్దరికీ కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, ఇద్దరికీ నోరు ఆగలేదు. మా అత్త గడప దాకా వచ్చి, చూసి, వెనక్కి పోయింది.

ఎప్పుడు ఆగిందో, మిషను చప్పుడు ఆగిపోయింది. నంగలి ఆమె సగం కుట్టిన రవిక చేతిలో పట్టుకుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. మధ్యలో ఏదో అనబోయి, సందు దొరక్క, కుట్టిన చోటే వేలితో రుద్దుకుంటూ కూర్చుంది. ఆ ముఖం నాకు కొత్త కాదు. ఇన్నేళ్ళూ ఆ వసారాలో నేను పెట్టుకుని కూర్చున్న ముఖమే.