మా జేజి తొడుక్కున్న వంకర రవిక

నా చిన్నప్పుడు మా నాన్న కత్తెరను మా అమ్మ కూడా ముట్టుకునేది కాదు. ప్రొద్దుటూరులో మాది చిన్న టైలరు అంగడి. పని నేర్చుకోవడానికి ఎవరు వచ్చినా ముందు కాజాలు, బొత్తాలు, చేతికుట్టు. ఆ తర్వాతే మిషను. గుడ్డ కత్తిరించడం అన్నిటికన్నా చివర, అదీ మా నాన్నకు బుద్ధి పుడితేనే.

ఆ ఏడు పెద్దముడియం దిక్కునుంచి ఒక అక్క పని నేర్చుకోవడానికి వచ్చింది. ఊళ్లో రెండు వర్గాల కొట్లాటలో ఆమె మొగుణ్ణి చంపేశారు. పిల్లల్ని తీసుకుని ప్రొద్దుటూరులో అన్న ఇంట్లో తలదాచుకుంటోంది. ఎలక్షన్లు అయ్యేదాకే ఉండమని ఆ అన్న తెగేసి చెప్పాడు. ఆ తర్వాత ఊరికి పోయి, మిషను పెట్టుకుని బతకాలి. ఊళ్లో ఆడవాళ్లు కుట్టించుకునేవి రవికలు. అవి కత్తిరించడం రాకపోతే ఆమెకు మిషను ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. నేర్పుతానన్న మా నాన్న మాట మీదే ఆమె జీతం అడక్కుండా పనిచేసింది.

అంతలో ఎలక్షన్లు వచ్చిపడ్డాయి. ఒక పార్టీ వాళ్లు జెండాలు కుట్టమని తాన్లకు తాన్లు తెచ్చి పడేశారు. అక్క కుట్టు గీత గీసినట్టు వచ్చేది, చెయ్యి కూడా వేగం. నాన్న ఆమెను జెండా అంచుల దగ్గర కూర్చోబెట్టి మళ్లీ లేపలేదు. కత్తిరించేది నేర్పమని ఆమె నసిగితే, "ఎలచ్చన్లు కానీమ్మా, కత్తెర యాడికి పోతాది?" అనేవాడు. కత్తెర ఎక్కడికీ పోదు, పోయేది ఆమే. అది ఆయనకూ తెలుసు. మా నాన్న చెడ్డవాడని నేను అనను. ఆ సీజను చేజారితే మా ఇల్లు గడవడం కష్టమే. ఆమె మాత్రం మధ్యాహ్నం అందరూ అన్నాలు తినేటప్పుడు సిమెంటు సంచి కాగితం నేలమీద పరుచుకుని, పాత కత్తెరతో కత్తిరించుకునేది. కాగితం గుడ్డలాగా జారదు కదా, దానితో ఎంత పని వస్తుంది?

అంగడి అరుగు మీద కూర్చుని రవికలకు హుక్కులు వేసే మా జేజి, అంటే మా నాన్న తల్లి, ఇదంతా చూస్తూనే ఉంది. పులివెందులలో మా బంధువుల పెళ్లి దగ్గర పడింది. పుట్టింటివాళ్లు తనకు పెట్టిన పట్టు రవిక గుడ్డను జేజి తెచ్చి, జనం ముందే అక్క చేతిలో పెట్టింది.

"నువ్వే కత్తిరించు పాపా."

"అమ్మా, అది పట్టే! చెడిపోతాది" అని నాన్న లేచాడు.

"చెడితే నేనే తొడుక్కుంటాలే. నీకేంది?" అంది జేజి.

పట్టు జారిపోతుంటే అక్క కంగారుగా కత్తెర వేసింది. చంక దగ్గర లోతుగా కోసేసింది. చూసుకుని ఏడ్చింది. అయినా జేజి వదల్లేదు, ఆమె చేతనే చివరిదాకా కుట్టించింది.

ఆ రవికే తొడుక్కుని జేజి పెళ్లికి వచ్చింది. రవిక చేతులు ఒకటి పైకి, ఒకటి కిందికి. భుజం దగ్గర ఈడ్చుకుపోయి ఉంది. పైట కప్పుకోమని అమ్మ బతిమాలినా వినలేదు. నేను ఆమె మనవరాలినని ఎవరికీ తెలియకూడదని దూరంగా తిరిగాను. భోజనాల బంతిలో మా నాన్న పక్కనే జేజి కూర్చుంది. వడ్డించే ఆమె ఒకతె ముసిముసిగా నవ్వుతూ అడగనే అడిగింది.

"ఏందత్తా, టైలరు తల్లివి, ఈ రవిక ఎవురు కుట్టినారు?"

"మా అంగట్లోనేమ్మా. ఒక పాప కుట్టింది. మావోడు నేర్పిన కాడికి కుట్టింది" అంది జేజి, అందరికీ వినబడేటట్టు.

నాన్న చెయ్యి విస్తరి మీదే ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి. అంతవరకూ జేజిని చూసి సిగ్గుపడ్డ నాకు, అప్పుడు నాన్నను చూసి సిగ్గేసింది. ఆయన కడుపునిండా తినలేదు.

మరుసటి రోజు నాన్న అందరికంటే ముందు అంగడి తెరిచాడు. అక్క రాగానే తన కత్తెర ఆమె ముందు పెట్టి, "తప్పు నాదేమ్మా" అన్నాడు. అప్పటినుంచి పొద్దున పూట జేజి పాత చీరల మీద కత్తిరింపు, ఆ తర్వాతే జెండాలు. జెండాలు చెప్పిన నాటికి అందక పార్టీ మనిషి వీధిలో నిలబడి నానా మాటలూ అన్నాడు. నాన్న తల వంచుకుని విన్నాడు.

ఎలక్షన్లు అయ్యేసరికి అక్కకు రవిక కత్తిరించడం బాగానే వచ్చింది. అంతకు మించి నేర్పడానికి వ్యవధి లేదు. ఆమె ఊరికి వెళ్లిపోయాక, అటునుంచి ఎవరొచ్చినా నాన్న ఆమె గురించి అడిగేవాడు. "రవికలు శానా బాగా కుడతాది. పిల్లోళ్ల గౌన్లు మాత్రం రావంట" అని ఒకాయన చెప్పాడు. "అవి నేను నేర్పలేదులే" అన్నాడు నాన్న.

తర్వాత నేనూ చాలా ఏళ్లు ఒక కుట్టు కంపెనీలో కొత్త పిల్లలకు పని నేర్పాను. కాలరు బాగా కుట్టే పిల్లను అక్కడే ఉంచమనేవాళ్లు పైవాళ్లు. ఆర్డరు తొందర అబద్ధం కాదు, మా అందరి జీతాలూ అందులోంచి రావాల్సిందే. అయినా రోజూ కాసేపు ఆ పిల్లను లేపి వేరే మిషను మీద కూర్చోబెట్టేదాన్ని. అన్నిసార్లూ కుదరలేదు. నేర్పడం కుదరని పిల్లల ముఖాలు నాకు గుర్తున్నాయి. ఇప్పటికీ ఎవరైనా ఫలానా పిల్లకు పని రాదని అంటే, ఆమెకు నేర్పింది ఎవరని అడుగుతాను. నేనే అయితే, తలెత్తి ఆ పిల్లను చూడలేను.