గుట్టకు పోయేటోనికి తుపాకి

మా బాపు గుట్టలెక్కేది పనుండి కాదు. కట్టెలకు కాదు, తునికాకుకు కాదు, మొక్కు తీర్చుకోను అసలే కాదు, మేం చర్చికి పోయేటోళ్లం. ఉట్టిగనే ఎక్కుతుండె. గోదావరిఖనిల మా కాలనీ మొత్తంల గట్ల ఉట్టిగ గుట్టలెక్కేటోళ్లు ఇద్దరే. ఒకలు మా బాపు, ఇంకొకలు బాపుతోని ఒకే షిఫ్టుల పనిచేసిన కాక. కాకది గోదావరి అవుతల, జైపూర్ దిక్కు గుట్టల కింది ఊరు. బొగ్గుబాయిల నౌకరీ చేసుకుంటనే ఊర్లె ఎవుసం గూడ ఇడిసిపెట్టలే.

బాపు బాయి లోపల టింబర్‌మన్. పైకప్పు కూలకుండ దుంగలు నిలబెట్టుడు ఆయన పని. గుట్టలెందుకు నీకు అని నేను చిన్నప్పుడు అడిగితే గిట్ల చెప్పిండు. "డ్యూటీల ఉన్నంతసేపు మెడ లేపి కప్పు దిక్కే చూడాలె బిడ్డా. ఏడ చప్పుడైతదో, ఏడ మట్టి రాలుతదో. గుట్ట మీద నెత్తి మీద ఏం లేదు. పైకి చూసే పనే లేదు."

రిటైరైనంక గుట్టలకు పోవుడు ఇంకింత ఎక్కువైంది. ఆదివారం పొద్దటి ప్రార్థన ఎగ్గొడ్తడని మమ్మల్ని కన్న అవ్వ పోరు పెట్టేది. "సాయంత్రం దానికి వస్త గదనే" అనుకుంట సంచిల రొట్టెలు పెట్టుకొని పోయేటోడు.

అసలు పోరు తమ్మునిది. వాడు ఓపెన్‌కాస్టు బొగ్గు గనిల కాంట్రాక్టు కింద డంపర్ నడిపేటోడు. ఒక శనివారం కాక మా ఇంటికొచ్చి చాయ తాగుతుంటే తమ్ముడు అందుకున్నడు.

"కాకా, ఆ గుట్టలల్ల గుడ్డెలుగులు ఉన్నయని నువ్వే అంటవు. ఈ ముసలోన్ని కర్రతోని తీస్కపోతవు. ఒక తుపాకన్న లేకుండ అడవికి ఎవలన్న పోతరా?"

కాక నవ్విండు. "తుపాకి మా అయ్యకు ఉండె బిడ్డా. ఓ రాత్రి కొందరొచ్చి తీస్కపోయిండ్రు. తెల్లారి ఇంకొందరొచ్చి, వాళ్లకెందుకిచ్చినవని మా అయ్యను కొట్టిండ్రు. గుడ్డెలుగు ఎన్నడూ మా ఇంటికి రాలే."

"మరి ఎదురైతే?"

"ఎదురు గానియ్యొద్దు. కర్ర చప్పుడు చేసుకుంట, పెద్దగ మాట్లాడుకుంట నడిస్తే అదే తప్పుకొని పోతది. మనమంటే దానికే భయం."

బాపు చాయ కప్పు కింద పెట్టి, "రేపు నువ్వు గూడ రారాదురా" అన్నడు తమ్మునితోని. వాడు లేచి బయటికి పోయిండు. బాపు ఎప్పుడు పిలిచినా వాడు గట్లనే పోయేటోడు.

నేను మాత్రం సెలవులు దొరికినప్పుడల్ల పోయేదాన్ని. అప్పటికి నేను ఒక ప్రైవేటు బడిల పంతులమ్మగ చేరిన. ఆ ఎండకాలం సెలవులల్ల ఒక పొద్దు ముగ్గురం పోయినం. ఇప్పపూలు రాలే కాలం అయిపోవస్తుంది. బారెడు పొద్దెక్కింది. కాక ముందు, బాపు నడుమ, నేను ఎన్క. కాక కర్రతోని రాళ్లను కొట్టుకుంట, వాళ్ల బర్రె ఈనిన ముచ్చట పెద్దగ చెప్పుకుంట నడుస్తుండు. ఒక పెద్ద బండ కాడ బాట మలుపు తిరుగుతది. కాక మలుపు దాటిండు. బాపు బండకు ఆనుకొని నీళ్ల సీస మూత తీస్తుండు.

బుస్సుమని ఊదినట్టు ఒక చప్పుడైంది. నల్లగ ఏదో బాపు మీద పడ్డది. ముందు నేను బండ దొర్లిందనుకున్న.

గుడ్డెలుగు అంటే చాన పెద్దగ ఉంటదనుకుంటం. అంత పెద్దగేం లేదు, బర్రె దుడ్డె కన్న ఇంకింత ఉంటదంతే. దాని ఒంటి నిండ దుమ్ము. బాపు కర్ర బాపు చేతిలనే ఉండిపోయింది. కాక ఎన్కకు ఉరికొచ్చి ఒర్రుకుంట దాని నడుము మీద కొట్టిండు. నేను చేతిలున్న టిఫిన్ డబ్బ ఇసిరిన, తలిగిందో లేదో. ఇంతల పొదలల్ల దాని పిల్ల కుయ్యిమన్నది. ఆ చప్పుడుకు అది బాపును ఇడిసి పిల్ల దిక్కు ఉరికింది. అంత కలిపి ఒక చెంబు నీళ్లు తాగినంతసేపు గూడ కాలే. మా మాటలు దానికి ఇనవడలేదో, ఇనవడ్డా పిల్లను ఇడిసి పోలేకపోయిందో, నాకు తెల్వదు.

బాపు నెత్తి మీది తోలు ఊడి కండ్ల మీదికి జారింది. చున్నీ ఇప్పి గట్టిగ కట్టిన. కాక బాపును ఈపు మీద ఏసుకొని దిగిండు. కాకకు అరవై దాటినయి అప్పటికే. బాట పొడుగునా బాపు నెత్తురు నిండిన నోటితోని ఒక్కటే అడుగుతుండు, "బిడ్డకేం కాలే గదా? బిడ్డకేం కాలే గదా?"

మంచిర్యాల దవాఖానల కట్టు కట్టి కరీంనగర్ పంపిండ్రు. ఆడికెళ్లి హైదరాబాద్. ఒక కన్ను ఆ దినమే పోయింది. రెండోది కొన్ని నెలలు మసక మసకగ ఉండి, అది గూడ ఆరిపోయింది. ముక్కు సగం లేదు. దవడ కుట్లేసి కట్టిండ్రు. ఇంటికి తెచ్చినంక పక్కింటి పిల్లలు చూసి జడుసుకుంటే, బాపు మొఖం మీద తువ్వాల కప్పుకొనుడు అలవాటు చేసుకున్నడు. దాని కిందికెళ్లే మాట్లాడేటోడు, దాని కిందికెళ్లే తినేటోడు.

చూడవచ్చినోళ్లందరిది ఒకటే మాట. "ఒక్క తుపాకి ఉంటే గిట్ల కాకపోవు." కొందరైతే, "అసలు పని లేకుండ అడవికి పోవుడేంది?" అన్నరు. అవ్వ అందరికీ చాయ పోసి ఇచ్చేది.

బాపుకు మాట తిరిగి వచ్చినంక తమ్ముడు మల్ల అదే ఎత్తుకున్నడు. బాపు తువ్వాల కిందికెళ్లి మెల్లగ చెప్పిండు. "చేతిల కర్ర ఉండె గదరా. కర్రనే లేపనియ్యలే. తుపాకి లేపనిస్తదా?"

"కర్ర కర్రనే, తుపాకి తుపాకే" అన్నడు తమ్ముడు.

కాక ప్రతి ఆదివారం బర్రె పెరుగు ముంతల పట్టుకొని వచ్చి బాపు పక్కన కూసునేటోడు. ఒకనాడు తమ్ముడు డ్యూటీ దిగి వచ్చేసరికి కాక ఇంకా ఇంట్లనే ఉన్నడు. వాడు చెప్పులు గూడ ఇడువకుండ గుమ్మంలనే నిలవడి అడిగిండు. "నీ మాట నమ్మే పోయిండు మా బాపు. ఒర్రుకుంట నడిస్తే తప్పుకొని పోతదంటివి. పోయిందా?"

కాక నేల దిక్కు చూసుకుంట అన్నడు. "చిన్నప్పటి సంది పోయింది బిడ్డా. ఆ ఒక్క దినం పోలే."

ముంత కింద పెట్టి లేచి పోయిండు. మల్ల మా ఇంటికి రాలే. ఎందుకు రాలేదని బాపు అడిగితే, నాట్లేస్తున్నరట అని అవ్వ చెప్పింది. నాట్లు అయిపోయినయి, కోతలు గూడ అయిపోయినయి, ఇగ బాపు అడుగుడు బంద్ చేసిండు.

మరుసటేడు చలికాలం తమ్ముడు బియ్యం సంచిల చుట్టుకొని ఒకటి తెచ్చి సజ్జ మీద పెట్టిండు. నేను దించి చూసిన. భర్మార్. నల్లమందు, ఇనుప రవ్వలు గొట్టంల దట్టించి పేల్చే నాటు తుపాకి. ఏ ఊర్లె దొరికిందో వాడు చెప్పలే.

"దేనికిరా ఇది?"

"గుట్టకు పోత."

"గుడ్డెలుగును చంపుతవా?"

"ఎందుకు చంపుత? మీదికొస్తేనే. బాపు పోయినట్టే పోత అక్కా, ఉట్టిగ. అన్నిసార్లు పిలిచిండు, ఒక్కసారి గూడ ఎంట పోలే. ఇప్పుడు పోతా అంటే ఉట్టి చేతులతోని నాకు ధైర్యం వస్తలేదు."

వాని మొఖం చూస్తే నాకు కోపం రాలే. అవ్వ మాత్రం, "దాన్ని ఇంట్లకెళ్లి తియ్యి, దండం పెడ్త" అన్నది. వాడు తియ్యలే. ఆ రోజు అన్నం తినుకుంట బాపు తల లేపి వాసన చూసిండు. బాయిల పేల్చే మందు కాడ బతుకంత గడిపిన మనిషి. "ఇంట్ల మందు వాసనొస్తుంది, ఏంది?" అని అడిగిండు. పక్కింట్ల పటాకులు కాల్చిండ్రని చెప్పింది అవ్వ. బాపు ఇంకో ముద్ద కలుపుకున్నడు.

నిజం చెప్పాలంటే, ఆ తర్వాతి కొన్ని నెలలే మా ఇంట్ల మంచిగ నడిచినయి. తమ్ముడు ఆదివారాలు గుట్టకు పోయి వచ్చి, బాపు మంచం పట్టె మీద కూసొని చూసింది చెప్పేటోడు. బండల నడుమ ఊట పారుతుందా, పెద్ద ఇప్పచెట్టు ఉన్నదా, పై నుంచి చూస్తే గోదావరి ఎంత కనవడ్డదని బాపు అడిగేటోడు. వాళ్లిద్దరు అంతసేపు మాట్లాడుకునుడు నేను పుట్టిబుద్ధెరిగి చూడలే. అవ్వ గూడ తుపాకి మాట ఎత్తుడు బంద్ చేసింది.

తునికాకు కోసే రోజులు వచ్చినయి. కాక ఊరోళ్లు పొద్దు పొడవకముందే గుట్టెక్కుతరు. ఆ దినం తమ్ముడు బాపు పడ్డ బండ మలుపు కాడికి పోయిండు. బండ అవుతల పొదల నల్లగ కదిలిందట. బుస్సుమని చప్పుడైందట. పేల్చిండు.

అది మనిషి. తునికాకు కట్ట పక్కన పెట్టుకొని, నల్ల చీర కొంగు నెత్తి మీద కప్పుకొని కూసున్న ఆడమనిషి. కాక తోడబుట్టిన తమ్ముని భార్య.

తమ్ముడు తుపాకి పారేసి, ఆమెను చేతుల మీద ఎత్తుకొని ఒర్రుకుంట దిగిండట. కింది నుంచి ఊరోళ్లు ఎదురొచ్చిండ్రు. ఆమెను ఎడ్లబండి ఎక్కిచ్చి, వీన్ని చెట్టుకు కట్టేసి కొట్టిండ్రు. చంపుదురేమో, కాకనే అడ్డం పడ్డడు. "పోలీసోళ్లకు ఇద్దాం, చంపితే ఏమొస్తది" అన్నడట. మా తమ్ముని దిక్కు మాత్రం చూడలేదట.

ఆమె బతికింది. కుడి చెయ్యి భుజం కాడికి తీసేసిండ్రు. తమ్ముడు జైలుకు పోయిండు. నేను, అవ్వ ఆమెను చూడను దవాఖానకు పోయినం. తిడుతది, పొమ్మంటది అనుకున్నం. తిట్టలే. అవ్వ మంచం కాడ నిలవడి ఏడుస్తుంటే ఆమె నా దిక్కు తిరిగి మెల్లగ చెప్పింది.

"ఆకులల్ల నడిచే చప్పుడు నేను ముందే ఇన్న బిడ్డా. నీ తమ్ముడే గుడ్డెలుగు అనుకున్న. భయానికి కొంగు కప్పుకొని, ఊపిరి బిగవట్టి కూసున్న. ఇగ ఆగలేక ఇడిసిన. ఒక్క మాట మాట్లాడినా మనిషినని తెలుస్తుండె వానికి."

మేం తీస్కపోయిన పండ్లు ఆమె పిల్లలు ముట్టలే. అట్లనే వాపస్ తెచ్చుకున్నం.

బాపుకు ఇగ చెప్పక తప్పలే. అంత ఇన్నడు. మొఖం మీది తువ్వాల కదలలే. ఆ తర్వాత ఎవలు ఇంటికొచ్చినా, "ఆమె ఎట్లున్నది?" అని అడిగేటోడు, పాలు పోసేటోన్ని గూడ. ఒకనాడు నాతోని, "నేను ఉట్టిగ పోకపోతే గివన్ని ఉండకపోవు గదా బిడ్డా" అన్నడు. కాదని చెప్దామనుకున్న. జారిన తువ్వాల సరిచేసిన.

తమ్ముడు బెయిలు మీద వచ్చిండు. కేసు మంచిర్యాల కోర్టుల ఏండ్లకేండ్లు నడిచింది. కాంట్రాక్టరు మల్ల పనిల పెట్టుకోలే. వాడు ఇంట్లనే ఉండేటోడు. బాపుకు తానం పోసేటోడు, తినిపిచ్చేటోడు, మాట మాత్రం ఉండకపోయేది. గుట్ట ముచ్చట బాపు మల్ల అడగలే, వాడు చెప్పలే. చీకటైతే తాగేటోడు. పెండ్లి మాట ఎవలు ఎత్తలే.

మా బడిల కొత్తగ వచ్చిన సార్లు ఇద్దరు ఓసారి నన్ను అడిగిండ్రు. "మేడం, మీరు ఆ గుట్టలు తెలిసినోళ్లట. జంతువులున్నయంటరు, తుపాకి ఉన్నోన్ని ఎంట తీస్కపోవాల్నా?" కర్రతోని పోయినోడు గట్లాయె, తుపాకితోని పోయినోడు గిట్లాయె, నేనేం చెప్పాలె? "పోకుండ్రి" అన్న. వాళ్లు నవ్విండ్రు. పోయి వచ్చిండ్రు, ఫోటోలు గూడ చూపెట్టిండ్రు. వాళ్లకు ఏం కాలే. చానమందికి ఏం కాదు. ఆ ఫోటోలల్ల ఇప్పచెట్టు ఒకటి కనవడ్డది. అది బాపు అడిగిన చెట్టేనా కాదా నాకు తెల్వలే, బాపును అడిగే ధైర్యం గూడ చెయ్యలే.

తెలంగాణ వచ్చిన ఎండకాలం బాపు పోయిండు. చౌరస్తాల డప్పులు కొడుతున్నరు, రంగులు చల్లుకుంటున్నరు. శవపెట్టె బండి ఆ గుంపుల నుంచి పోతుంటే కొందరు ఆగి బాట ఇచ్చిండ్రు, కొందరు చూసుకోలే. పెట్టె మూసేముందు అవ్వ తువ్వాల తీసి బాపు మొఖం చూసింది. తీసింది తీసినట్టే మల్ల కప్పింది.

సమాధుల తోటల పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే, గోడ పక్కన వేపచెట్టు కింద కాక నిలవడి ఉండుడు చూసిన. చాన ముసలోడైండు. ఎవలు కబురు చేసిండ్రో తెల్వదు. తమ్ముడు గూడ చూసిండు. పిడికెడు మట్టి గుంతల ఏసి, చేతులు దులుపుకోకుండనే, ఎన్క గేటు నుంచి బయటికి పోయిండు. నేను కాక కాడికి పోదామని జనంల నుంచి దారి చేసుకొని పోయేసరికి, వేపచెట్టు కింద ఎవ్వలు లేరు.