మంగళవారం ఎండ

డాక్టరమ్మ రిపోర్టు చూసి నవ్వింది. "కర్నూలు ఎండల్లో ఉండి డి విటమిన్ తక్కువేందమ్మా?" అంది. నాకు నవ్వు రాలేదు. నడుము నుంచి మడమల దాకా ఎవరో రోకలితో దంచినట్టుంటే నవ్వెక్కడి నుంచి వస్తుంది? నేను చీరల షాపులో పదకొండేళ్ళుగా నిలబడి పనిచేస్తున్నాను. కిటికీ లేని మేడ, ఏసీ, ట్యూబులైట్లు. పొద్దున తొమ్మిదికి లోపలికి పోతే రాత్రి తొమ్మిదికి బయటపడతాను.

వారానికో మాత్ర, రోజూ కాల్షియం మాత్ర రాసింది. పాలు తాగమంది, రాగిసంగటి తినమంది. "సెలవు రోజైనా పది దాటినాక ఓ ఇరవై నిమిషాలు చేతులకూ కాళ్ళకూ ఎండ తగలనీ," అంది. మాత్రలదేముంది, మింగేస్తాను. ఎండతోనే చిక్కు. ఇంట్లో అమ్మ ఉంది.

అమ్మ ముప్పై ఏళ్ళు ఉల్లిగడ్డ చేలల్లో, శనగ చేలల్లో కూలి చేసింది. నన్ను మాత్రం ఒక్కపూట కూడా చేనికి రానివ్వలేదు. కూతురు నీడపట్టున బతకాలి, ఆమె పంతం అదొక్కటే. ఇప్పుడు మోకాళ్ళు పోయి నా దగ్గరే ఉంటోంది. "మా పాప పనిచేసే తావున ఎండ కాదప్పా, సలి పెడతాది!" అని వీధిలో కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకుంటుంది. అందుకే ఆ మాత్రలు బలానికని అబద్ధమాడాను.

మంగళవారం నాకు సెలవు. గడప ముందుకు ఎండ రాగానే జాకెట్టు చేతులు పైకి మడుచుకుని కూర్చున్నాను. ఐదు నిమిషాలు కాలేదు, అమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని లాగింది.

"ఏం పుట్టింది నీకు? మాడిపోతావు, లోపలికి రా!"

"డాక్టరమ్మ చెప్పినాది, వదులు."

"ఎండలో కూసోమని చెప్పేదానికి డాక్టరు కావల్నా? ముప్పై ఏండ్లు దాంట్లోనే చచ్చినా గదా, నాకేం ఒరిగింది?"

ఒళ్ళు మండిపోయింది. అలసిన మనిషికి నోటి మీద అదుపుండదు. "నువ్వు నీడ నీడ అని దాచిపెట్టినందుకే నా ఎముకలు గుల్లయినాయి!" అనేశాను.

డాక్టరమ్మ ఆ మాట అననే లేదు. అమ్మ నా చెయ్యి వదిలేసింది. మధ్యాహ్నం నాకు అన్నం పెట్టింది గానీ తాను తినలేదు. నా నాలుక తెగిపోయినా బాగుండేది.

మరుసటి మంగళవారం తానే పిలిచింది. "పాపా, ఎండొచ్చినాది, రా."

వాకిట్లో చాప కూడా పరిచింది. కూర్చున్నాను. అమ్మ గోడ పట్టుకుని వచ్చి, నా ముందు నిలబడి, నా మొహంలోకే చూస్తూ అడిగింది.

"శానా కాలుతాందా?"

కాలడం లేదు. ఎండకు అడ్డంగా ఆమే నిలబడింది. ఆ సంగతి ఆమెకు తెలియదు. పక్కకు జరగమని చెప్పాలి. వారం మొత్తానికి నాకు దొరికేది ఆ ఇరవై నిమిషాలే.

"లేదుమా, బాగుండాది," అన్నాను.