నెయ్యి వేలిముద్ర

సైకిలుంటే చాలు దొరబాబులా తిరిగిన ఆ రోజుల్లో, జంషెడ్‌పూర్‌లో మా కాలేజీ ఫోరెన్సిక్ డిగ్రీకి యూనివర్సిటీ గుర్తింపు ఏడాది ఆలస్యమైంది. వేలిముద్రల పొడి నాసిరకమని అందరూ అంటే నేనూ తలాడించాను. తప్పు పొడిది కాదు, నాది. ఇన్నాళ్లూ ఆ మాట మింగేశాను (లడ్డూతో పాటు).

నేనప్పుడు ల్యాబులో కొత్త డెమాన్‌స్ట్రేటర్ని. గుర్తింపు లేకపోతే మొదటి బ్యాచ్ పిల్లల డిగ్రీ ఏ ఉద్యోగానికీ పనికిరాదు. అందుకే తనిఖీ బృందం వస్తోందనగానే మా హెడ్డు సారు (శ్రీకాకుళం వైపు మనిషి) ఇంట్లో పెళ్లిలా హడావిడి పడ్డారు. భార్య చేత నేతి లడ్డూలు చేయించి, స్టీలు డబ్బాలో తెచ్చి నా ముందు పెట్టారు. "ఒరే, ఆళ్లొచ్చేదాకా మూత తియ్యకు. ఏటి, ఇనబడతందా?" నాకు వినబడింది. గోల్‌మురి నుంచి ఎండలో తొక్కుకుంటూ వచ్చిన నా కడుపుకి మాత్రం వినబడలేదు. ఒకటి తిన్నాను.

బృందం పెద్దాయన డబ్బా తెరిచి, పైవరసలో రెండు ఖాళీలు చూసి (నేను తిన్నది ఒకటే, ఆ లెక్క చూసుకునే తీరిక అప్పుడెక్కడిది) పకపకా నవ్వాడు. "చలో, పెహ్లే యే చోర్ పకడో!" దొంగని పట్టిస్తే గుర్తింపు ఇచ్చేస్తానన్నాడు. మా అందరి వేలిముద్రలూ పాఠం కోసం గోడకి అంటించే ఉన్నాయి. సారు బ్రష్షు నా చేతికిచ్చి, కిటికీవైపు తిరిగిపోయారు. గుర్తింపు బెంగ అనుకున్నాను. నేతి చేత్తో మూసిన మూత కదా, పొడి అక్కర్లేకుండానే నా బొటనవేలు, చిన్ననాటి కత్తిగాటుతో సహా తళతళలాడుతోంది. దోసెడు పొడి గుమ్మరించి, వాకిలి ఊడ్చినట్టు ఊడ్చేశాను. మూతంతా కాటుకైంది.

"పొడి బాలేదు సార్."

పెద్దాయన నవ్వు ఆగిపోయింది. సొంత గదిలో దొంగని పట్టలేనివాళ్లు పిల్లలకేం నేర్పుతారని, వచ్చే ఏడాది చూద్దామని లేచాడు. ఆ ఏడాదంతా పిల్లలు "సర్, కాగజ్ ఆయా?" అని గుర్తింపు కాగితం కోసం అడగడం, సారు తల దించుకోవడం.

ఈమధ్య సిద్ధగోరాలో సారింటికి వెళ్లి, "ఆ ముద్ర నాది సార్, క్షమించండి" అన్నాను. ఆయన వంటింటివైపు ఓ చూపు చూసి, గొంతు తగ్గించారు.

"ఒకటి నీదైతే రెండోది నాదేరా. నువ్వలా ఊడిసేత్తంటే నాకు పేనం లేసొచ్చింది."

ఇద్దరం కళ్లనీళ్లొచ్చేలా నవ్వుకున్నాం. తర్వాత ఇద్దరం ఒకేసారి నవ్వాపేశాం. అందుకే ఇది రాస్తున్నాను. మొదటి బ్యాచ్ పిల్లలూ (నాలాగే మీ తలలూ నెరిసుంటాయి), మీ ఏడాది తిన్నది మేమిద్దరమే. క్షమించండి.